అరవై నాలుగో ఆకు

మద్దిలేటి మూడేళ్ళు కూర్చుని గీసిన ప్రాసెసర్ నమూనాని అయ్యవారి ముందు పెట్టి అప్పటికి వారం దాటింది. అయ్యవారు బాగుందనలేదు, బాగాలేదనీ అనలేదు. కాగితాలన్నీ ఓపిగ్గా తిరగేసి, మడిచి, గూట్లో పెట్టుకున్నారు. అంతే.

మెచ్చుకోకపోతే పోయె, తిట్టినా బాగుండేది. మద్దిలేటికి అన్నం సయించడం మానేసింది.

నల్లమల అంచున, కొండమీది నరసింహస్వామి దగ్గరికి నడిచిపోయే దారిలో ఒక పాత సత్రం ఉంది. లింగమూర్తి అయ్యవారు ఒకప్పుడు పెద్ద పెద్ద సంస్థల్లో ప్రాసెసర్లు గీసిన మనిషి. ఉద్యోగం చాలించుకుని ఆ సత్రంలో రెండు గదులు అడిగి పుచ్చుకుని, పదిమంది శిష్యులకి ఆ విద్యే నేర్పుతూ ఉండిపోయారు. పొద్దున చదువు. మధ్యాహ్నం యాత్రికులకి వడ్డన. చదువుకోవడానికి వచ్చినవాళ్ళ చేత అన్నాలు ఎందుకు వడ్డింపిస్తారో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ప్రాసెసర్ అంటే కంప్యూటర్లో లెక్కలు చేసే ముక్క. అది ఒక్క విడతలో కొన్ని గడుల్ని పట్టుకుని పని చేస్తుంది. ఒక్కో గడిలో సున్నా అయినా ఉంటుంది, ఒకటైనా ఉంటుంది. ఆ గడినే బిట్టు అంటారు. ఇవాళ లోకంలో పెద్ద పనులు చేసే ప్రాసెసర్లు అరవై నాలుగు గడులవి. మద్దిలేటి గీసింది రెండు వందల యాభై ఆరు గడులది. తన తర్వాత ఇంకెవరూ వెడల్పు చాల్లేదని మళ్ళీ మొదటి నుంచి గీసుకునే అవస్థ పడకూడదని అతని పంతం. అందులో గర్వం లేదంటే నేను నమ్మను గానీ, అచ్చంగా గర్వమే అన్నా అన్యాయమే అవుతుంది.

ఏటా సత్రం తరఫున గోరంత సిలికాన్ ముక్క ఒకటి ఫ్యాక్టరీలో తయారై వచ్చేది. మామూలుగా నలుగురైదుగురి నమూనాలు ఆ గోరంత చోటులో సర్దుకునేవి. మద్దిలేటిది వెళితే ఇంకెవరిదీ పట్టదు. ఎవరివి వెళ్ళాలో సోమవారంలోగా అయ్యవారు సంతకం పెట్టి పంపాలి. ఆ రోజు శనివారం.

ఇక ఉండబట్టలేక పొద్దున పాఠం మధ్యలోనే అడిగేశాడు.

"అయ్యవారూ, ఎనిమిది గడులు చాలన్నారు, చాల్లేదు. పదహారు చాలన్నారు, చాల్లేదు. ముప్పై రెండు చాలన్నారు, అదీ చాల్లేదు. ఇప్పుడు అందరూ అరవై నాలుగు దగ్గర కూచుండిపోయినారు. ఇంతవరకూ చాలు అన్నోళ్ళంతా తప్పినారు గదా?"

"తప్పినారు," అన్నారు అయ్యవారు.

"ముప్పై రెండు చాలన్నోళ్ళలో మీరూ ఉన్నారంట."

మిగతా శిష్యులు తలలు వంచుకున్నారు. గురువుని ఇలా నిలదీయడం ఆ సత్రంలో అంతకుముందు జరగలేదు.

అయ్యవారికి కోపం రాలేదు. "ఉన్నా. సభలో నిలబడి మరీ చెప్పినా. ముప్పై రెండు గడులుంటే మెమరీలో నాలుగు వందల కోట్ల గదులకి నంబర్లు వెయ్యొచ్చు, అన్ని గదులు ఎవరికి కావాలప్పా అని నవ్వినా. ఇప్పుడు ఆడపిల్లలూ మొగపిల్లలూ జేబుల్లో ఏసుకోని తిరిగే ఫోన్లలో అంతకంటే ఎక్కువ గదులుండాయి."

"మరి ఈసారి గూడా అట్లనే..."

అయ్యవారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఈ పూట భోజనాల బంతి నువ్వు వెయ్యి, మద్దిలేటీ. ఎంత పొడుగు వేస్తావో నీ ఇష్టం."

ప్రశ్నకీ ఈ జవాబుకీ సంబంధం ఏమిటో మద్దిలేటికి అర్థం కాలేదు. కానీ గురువు చెప్పిన పని.

కొండమీద తిరునాళ్ళ రోజులవి. దారి పొడుగునా యాత్రికులు. వంటశాల చూసుకునే తిప్పమ్మ మామూలుగా వసారాలో ముప్పై మందికో బంతి చొప్పున వేయించేది. ఒక బంతి లేచాక ఇంకోటి. మద్దిలేటి అది చూసి ఎప్పుడూ విసుక్కునేవాడు. ఒకేసారి అందరినీ కూర్చోబెడితే ఒకేసారి అయిపోతుంది కదా, ఇన్నిసార్లు ఆకులెత్తి ఇన్నిసార్లు తుడవడం ఎందుకని.

అందుకని ఒకే వరస వేశాడు. వసారా నాలుగు వైపులా తిప్పి, ముంగిట్లోకి దింపి, వాకిలి దాటించి, బయట బండ్ల కొట్టం దాకా ఆకులు పరిచాడు. సరిగ్గా రెండు వందల యాభై ఆరు. లెక్కపెట్టి మరీ వేశాడు, మనవాడు.

అయితే ఆ సత్రం బంతికి ఒక కట్టుబాటు ఉంది. కొసన ఉన్న ఆకులో అన్నం పడి, అక్కడ కూర్చున్న మనిషి గోవిందా అనేదాకా మొదటి ఆకు దగ్గరివాళ్ళు ముద్ద కలపకూడదు. అందరిలోకీ నిదానంగా తినేవాళ్ళు మజ్జిగన్నం ముగించేదాకా ఎవరూ లేవకూడదు. చిన్న బంతికి అదొక ముచ్చట. తనతోపాటు పక్కవాడి ఆకు కూడా చూసుకుంటాడు మనిషి.

పెద్ద బంతికి అదే ప్రాణం మీదికొచ్చింది.

మొదటి ఆకు దగ్గర సుంకులమ్మ అనే ముసలావిడ కూర్చుంది. మోకాళ్ళు పట్టేసి, కర్ర పట్టుకుని కొండకి నడిచిపోతున్న మనిషి. అన్నం, పప్పు, వంకాయ కూర పడ్డాయి. వడ్డించేవాళ్ళు బొక్కెనలు మోసుకుంటూ వసారా మలుపు తిరిగి కనపడకుండా పోయారు. ఆవిడ చూసింది, చూసింది. గోవిందా రాలేదు.

"అబ్బీ," అని పిలిచింది మద్దిలేటిని. "పప్పు గడ్డకట్టింది. నువ్వు సరే అంటే గోడకి పూసేస్తా."

చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు. మద్దిలేటి నవ్వలేదు. బండ్ల కొట్టం దాకా పరిగెత్తాడు. అక్కడ కూర పట్టుకొచ్చినవాడు ఉన్నాడు, అన్నం పట్టుకొచ్చేవాడు రాలేదు. చివరికి ఎక్కడో దూరం నుంచి సన్నగా గోవిందా వినిపించేసరికి మొదట్లో ఉన్నవాళ్ళ ఆకుల్లో అన్నం చల్లారి బిరుసెక్కింది. తిన్నాక కొసవాడి మజ్జిగ కోసం ఎండిన చేతులతో అందరూ కూర్చున్నారు. వాకిలి బయట ఎండలో తర్వాతి బంతికి నిలబడ్డ జనం అరవడం మొదలుపెట్టారు.

తిప్పమ్మ గరిటె పట్టుకుని బయటికొచ్చింది.

"ఒకే బంతి అంటివి, ఒకే గోవింద అంటివి. ఈపొద్దు మన పరువే గోవిందా అయితాంది, చూసినావా?"

"వడ్డించేదానికి ఇంకో ఇరవై మందిని పెడితే సరిపోతాది పిన్నీ."

"వాళ్ళు నిలబడేదానికి చోటు యాడుంది? వాళ్ళకి బొక్కెన్లు యాడున్నాయి? ఇంకో పొయ్యి పెట్టల్ల, ఇంకో గంగాళం పెట్టల్ల. తిరునాళ్ళు అయిపోతే ఈ సత్రానికి వచ్చేది పట్టుమని పదిమంది. ఆ పదిమందికి దినమూ ఇన్ని ఆకులు పరిచి, ఇన్ని ఎత్తాల్నా?"

రెండో విడతకి మద్దిలేటి తనే ఆకులు మార్చి వేశాడు. అరవై నాలుగేసి ఆకుల వరసలు నాలుగు, పక్కపక్కన. ఒక్కో వరసకి వేరే వడ్డన. ఏ వరస గోవింద ఆ వరసదే. నాలుగు వరసలూ ఇంచుమించు ఒకేసారి తిని లేచాయి. అన్నం పొగలు కక్కుతూనే ఉంది.

అయ్యవారు ఒక మూల కూర్చుని మజ్జిగన్నం తింటూ అదంతా చూశారు. మద్దిలేటి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. మొండివాడే గానీ నిజాయితీ ఉన్నవాడు.

"పొట్టి వరసలే మేలు అయ్యవారూ, ఒప్పుకుంటా. ఎంత పొడుగైతే అంత నిదానం, అంత ఖర్చు. కానీ అరవై నాలుగు గడుల్లో పట్టని లెక్క ఒకటి వస్తే?"

"ఒక వరస కొసవాడు పక్క వరస మొదటివాణ్ణి తడతాడు. రెండు వరసలు కలిసి ఆ లెక్క చేస్తాయి."

"నిదానమైతాది గదా."

"అయితాది. ఎప్పుడో వచ్చే చుట్టానికి ఆ మాత్రం నిదానం పర్వాలేదు."

"ఎప్పుడో ఎందుకైతాది? రేపు అట్లాంటి లెక్కే దినమూ రావచ్చు. ముప్పై రెండుకీ మీరు ఇదే మాట చెప్పినారు."

అయ్యవారు లేచి చెయ్యి కడుక్కుని, ఎండ చల్లారేదాకా వసారాలో నడుం వాల్చుదామనుకుంటున్న యాత్రికుల దగ్గరికి వెళ్ళారు.

"అమ్మా, అయ్యా, కాసేపు ఒక ఆట ఆడదామా? కూర్చుని ఆడే ఆటే. అరవై నాలుగుమంది కావాల."

తిని కూర్చున్నవాళ్ళకి ఆట అంటే ఎవరు కాదంటారు? కొత్త ఆకులు వరసగా వేయించి, ఆకుకి ఒకరు చొప్పున అందరినీ కూర్చోబెట్టారు అయ్యవారు. అరవై నాలుగో ఆకు దగ్గర మాత్రం మద్దిలేటిని కూర్చోమన్నారు.

"నేను చప్పట కొడితే మొదటి మనిషిని తట్టినట్టు. తట్టినప్పుడు కూర్చుని ఉంటే లేచి నిలబడండి, అంతటితో సరి. నిలబడి ఉంటే మాత్రం కూర్చుని, మీ తర్వాతి మనిషిని తట్టండి. వాళ్ళూ అంతే. ఇంతే ఆట."

అని మద్దిలేటి వైపు తిరిగారు.

"నీకు తట్టు వచ్చినప్పుడు లెయ్యి. నువ్వు లేచిన మరుక్షణం నీ కాగితాల మీద సంతకం పెడతా."

మద్దిలేటి నవ్వేశాడు. ఆ ఆట ఏమిటో అతనికి చూడగానే తెలిసిపోయింది. నిలబడినవాడు ఒకటి, కూర్చున్నవాడు సున్నా. ఒక్కో చప్పటకీ లెక్క ఒకటి పెరుగుతుంది.

"ఈ లెక్క నాకు తెలుసు అయ్యవారూ. నమూనా మొదటి పేజీలోనే రాసినా."

"తెలుసులే నాయనా. కూర్చో."

ఆట మొదలైంది. ఊపిరి పీల్చి వదిలినంత సేపటికి ఒక చప్పట. మొదటి ఆకు దగ్గర గిడ్డయ్య అనే లారీ డ్రైవరు. చప్పట పడితే లేస్తాడు, ఇంకోటి పడితే కూర్చుని పక్కావిడని తడతాడు. లేవడం, కూర్చోవడం, తట్టడం. మొదటి నలుగురైదుగురూ పొద్దున దోసెల పెనం మీద నీళ్ళ చుక్కల్లా చిందులేశారు. జనం పకపకా నవ్వారు. కాసేపటికే గిడ్డయ్యకి తొడలు పట్టేసి, "సామీ, ఇది ఆట గాదు, శిక్ష," అని లేచిపోయాడు. అక్కడ ఒక శిష్యుడు కూర్చున్నాడు. ఆ తర్వాత ఇంకొకడు.

మోకాళ్ళ నొప్పుల సుంకులమ్మ తెలివైంది. మొదట్లో కూర్చుంటే చచ్చామని గ్రహించి ముందే పన్నెండో ఆకు దగ్గర చోటు చూసుకుంది. ఆరో మనిషి లేవడం చూసింది, ఎనిమిదో మనిషి లేవడం చూసింది. పదో మనిషి లేచేసరికి గోడకానుకుని కునుకు తీసింది.

గంటన్నర దాటింది. చప్పట్లు ఆగలేదు. అప్పుడు అనుకోకుండా మొదటి పదకొండు మందీ ఒకేసారి నిలబడి ఉన్నారు. అంతసేపటిలో అలా జరగడం అదే మొదటిసారి. అందరూ నిలబడేసరికి ఎందుకో నవ్వులు ఆగిపోయాయి.

చప్పట పడింది. మొదటివాడు కూర్చుని రెండో ఆవిడని తట్టాడు. ఆమె కూర్చుని మూడోవాణ్ణి తట్టింది. ఒకరి తర్వాత ఒకరు కూర్చుంటూ, ఆ తట్టు వరస వెంట నడిచి వచ్చింది. పదకొండో మనిషి కూర్చుని సుంకులమ్మ భుజం తట్టాడు.

"నన్నేనా?" అంది ఉలిక్కిపడి లేస్తూ. కర్ర ఊతంగా నిలబడి చూసింది. ముందున్నవాళ్ళందరూ కూర్చుని ఉన్నారు. ఆ పొడుగాటి వసారాలో నిలబడ్డది ఆవిడ ఒక్కతే. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అమ్మయ్య, నా దాకా వచ్చింది," అంది.

ఎవరికీ నవ్వు రాలేదు. కొందరు దణ్ణం పెట్టారు కూడా, దేనికో వాళ్ళకే తెలీదు.

మద్దిలేటి అది కొసన కూర్చుని చూశాడు. ఆ ముసలావిడ దాకా తట్టు రావడానికి మధ్యాహ్నం సగం అయిపోయింది. ఆవిడకీ తనకీ మధ్య ఇంకా యాభై ఒక్కమంది కూర్చుని ఉన్నారు.

చల్లబడింది. కొండెక్కేవాళ్ళకి ఆలస్యమవుతోంది. ఒక్కొక్కరే లేచి అయ్యవారికి దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. మనిషి వెళ్ళినచోట ఆకు మిగిలింది. అయ్యవారు వాటికీ అదే నియమం పెట్టారు. ఆకు బోర్లా ఉంటే కూర్చున్నట్టు, వెల్లకిలా ఉంటే నిలబడ్డట్టు. సుంకులమ్మ వెళుతూ వెళుతూ మద్దిలేటి దగ్గర ఆగింది.

"నీకింకా రాలేదా అబ్బీ?"

"లేదవ్వా."

"వస్తాదిలే. నాకు రాలేదా," అని ధైర్యం చెప్పి కర్ర టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ మాట మద్దిలేటికి ఎక్కడో తగిలింది. వస్తుందా?

వరస వెంట చూపు సారించాడు. ఒక్కో ఆకు దాటడానికి అంతకుముందు గడిచిన కాలమంతా మళ్ళీ ఒకసారి గడవాలి. ఇది అతనికి చిన్నప్పటి నుంచీ తెలిసిన లెక్కే. కాగితం మీద ఎన్నోసార్లు వేశాడు. కానీ కాగితం మీద ఆ సంఖ్య రెండు అనే ఒక అంకె, దాని నెత్తిన ఇంకో చిన్న అంకె. ఇక్కడ అది వసారా పొడుగునా పరుచుకుని ఉంది.

ఇరవై నాలుగో ఆకు. ఇదే చప్పట్లు రాత్రీ పగలూ కొడుతూ పోతే, ఆ ఆకు దాకా తట్టు వచ్చేసరికి ఒక తల్లికి నెలలు నిండుతాయి.

ముప్పై ఒకటో ఆకు. ఆ బిడ్డ పుట్టి, పెరిగి, నిండు నూరేళ్ళు బతికి వెళ్ళిపోతుంది.

నలభయ్యో ఆకు దగ్గరికి రావాలంటే, ఈ కొండగుహల్లో మనుషులు రాళ్ళు చెక్కుకునే నాటి నుంచీ ఎవరో చప్పట్లు కొడుతూ ఉండాలి. అక్కణ్ణుంచి చూపు ఇంకా ముందుకు జరిపాడు. యాభై అయిదో ఆకు. ఆ చప్పట్లు కొట్టడం మొదలుపెట్టినప్పుడు ఎదురుగా కనపడుతున్న నల్లమల లేదు. ఆ రాయి ఇంకా ఏ సముద్రం అడుగునో ఇసుకగా ఉంది.

యాభై ఎనిమిదో ఆకు దగ్గర అతని చూపు నిలిచిపోయింది. నేల లేదు, సూర్యుడు లేడు, ఒక్క నక్షత్రం లేదు. అసలు కాలమనేది మొదలైన నాడు మొదటి చప్పట పడి, అప్పటి నుంచీ ఊపిరికొకటి చొప్పున ఆగకుండా పడుతూ వస్తే, ఆ తట్టు ఇప్పుడిప్పుడే ఆ ఆకు దగ్గరికి వచ్చి ఉంటుంది.

దానికీ తనకీ మధ్య ఇంకా అయిదు ఆకులున్నాయి.

అతనికి ఒళ్ళు జలదరించింది. భయమా అంటే భయం కాదు. పెద్ద కొండ కింద నిలబడి తలెత్తి చూసినప్పుడు ఒక్కోసారి మాట పడిపోతుంది, అలాంటిది. మనసు ఊరుకోక ఒక అడ్డు తెచ్చింది. యంత్రం ఊపిరికొక చప్పట కొట్టదు కదా, సెకనుకి వంద కోట్లు కొడుతుంది కదా. అవును. ముప్పై రెండు ఆకుల వరసని అది నాలుగైదు సెకన్లలో నింపేస్తుంది, అయ్యవారు ఓడిపోయింది అక్కడే. అదే యంత్రం తను కూర్చున్న అరవై నాలుగో ఆకు దాకా రావడానికి మూడు వందల ఏళ్ళు కొడుతూ కూర్చోవాలి. ముప్పై రెండు నుంచి అరవై నాలుగుకి వెళ్ళడమంటే రెట్టింపు అవడం అనుకుంటూ వచ్చాడు తను. మెట్టు మీద మెట్టు, అంతే అనుకున్నాడు. ఒక మెట్టు ఎక్కి కాలు పెట్టిన చోటు ఆకాశమని ఇప్పుడు తెలిసింది.

వాకిలి బయట బండ్ల కొట్టం కనపడుతోంది. పొద్దున అక్కడిదాకా ఆకులు వేశాడు. ఈ అరవై నాలుగు దాటాక ఇంకా నూట తొంభై రెండు. వాటిలో దేనికి ఎంత కాలమో అనుకుందామంటే అతని దగ్గర ఇక కాలం మిగల్లేదు.

చప్పట్లు ఇంకా వినిపిస్తున్నాయి. తలెత్తి చూశాడు. వసారాలో ఎవరూ లేరు. శిష్యుల్ని తిప్పమ్మ రాత్రి వంటకి పిలుచుకుపోయింది. అయ్యవారు ఒక్కరే ఆ కొసన ఉన్నారు. చప్పట కొట్టడం, వంగి ఆకు తిప్పడం. మళ్ళీ చప్పట, మళ్ళీ వంగడం. నాలుగైదు ఆకులు వరసగా తిప్పాల్సి వచ్చినప్పుడు నడుం మీద చెయ్యి వేసుకుని ఒక్కో ఆకు దగ్గరికీ నడిచి తిప్పి, మళ్ళీ మొదటి ఆకు దగ్గరికి వచ్చి చప్పట కొడుతున్నారు. డెబ్భై దాటిన మనిషి.

అతను చూస్తుండగానే ఆయన పదమూడో ఆకు దాకా నడిచి, వంగి, దాన్ని వెల్లకిలా తిప్పారు. మద్దిలేటి వైపు ఒకసారి చూసి వెనక్కి బయల్దేరారు.

మద్దిలేటి లేచాడు. యాభై ఆకులు దాటి పరిగెత్తుకుంటూ వెళ్ళి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. అరచేతులు కందిపోయి వేడిగా ఉన్నాయి.

"తట్టు వచ్చిందా?" అని అడిగారు అయ్యవారు.

"లేదయ్యవారూ."

"మరి ఎందుకు లేచినావు?"

"మీరు ఆపరు గాబట్టి."

మద్దిలేటి ఆ చేతుల్ని కళ్ళకద్దుకుని అలాగే ఉండిపోయాడు.

"సంతకం పెట్టేదా?" అన్నారు అయ్యవారు కాసేపటికి. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగారు.

"వద్దు. ఆ చోటు తక్కినోళ్ళకి ఇయ్యండి. నలుగురివి పడతాయి."

"నీ మూడేండ్లో?"

"నాలుగు వరసలుగా కోసుకుంటా. వచ్చే ఏడు చూద్దాం."

చెప్పినంత తేలిగ్గా లేదు ఆ మాట. మూడేళ్ళంటే మూడేళ్ళే. అయ్యవారు తల ఊపి, గోడకానుకుని, చాలాసేపటికి కాళ్ళు చాపుకుని కూర్చున్నారు.

పొద్దు గుంకింది. వసారా ఖాళీ చేయాలి, కొండ దిగివచ్చేవాళ్ళకి రాత్రి బంతి పడాలి. మద్దిలేటి కొసకి వెళ్ళి తన ఆకు ఎత్తాడు. దాని పక్కది ఎత్తాడు. ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ వస్తున్నాడు, తొందరలేకుండా. అయిదు ఆకులు అయ్యాయి, ఆరు అయ్యాయి.

ఏడోదానికి, ఆ యాభై ఎనిమిదో ఆకుకి, వంగినవాడు ఆగిపోయాడు. మామూలు మోదుగాకుల విస్తరే. పుల్లలతో కుట్టింది. చెయ్యి చాపాడు గానీ ఎత్తలేకపోయాడు. మెల్లగా దాని పక్కన నేల మీద కూర్చుని తలెత్తాడు. నల్లమల మీద అప్పుడే ఒక నక్షత్రం కనిపించింది.

వంటింట్లోంచి తిప్పమ్మ కేక వేసింది. "ఏందబ్బీ, నాలుగాకులు ఎత్తేదానికి ఎంతసేపు? అన్నం దించేసినా!"

అయ్యవారు చెయ్యెత్తి ఆమెని ఆగమన్నారు.

"వాణ్ణి తొందర పెట్టొద్దు తిప్పమ్మా," అన్నారు. "ఆడిదాకా వచ్చేదానికి చానా కాలం పట్టింది."